సైకాలజీ డిగ్రీకి ‘గుర్తింపు’ ఎలా చూసుకోవాలి: రాయగడ, పర్లాకిమిడి, బరంపురం వైపు తెలుగు విద్యార్థులకు

ప్లస్ టూ ఫలితాలు రాగానే మన వైపు బస్టాండ్ల గోడలకు కాలేజీల పోస్టర్లు అంటుకోవడం మొదలవుతుంది. ఇప్పుడు వాటిలో సైకాలజీ కూడా కనిపిస్తోంది. భువనేశ్వర్ కాలేజీ ఒకటి, విశాఖ కాలేజీ ఒకటి, రాయ్‌పూర్ వైపుది ఇంకొకటి. అన్నిటికీ అడుగున ఒకే ముక్క ఉంటుంది: ‘గవర్నమెంట్ రికగ్నైజ్డ్’. అది అబద్ధమని అనలేం, చాలాసార్లు నిజమే. కానీ ఎవరు గుర్తించారు, ఏ పనికి గుర్తించారు అన్నది పోస్టర్ చెప్పదు. సైకాలజీలో తేడా అంతా అక్కడే ఉంది. ఇంజనీరింగ్‌కో నర్సింగ్‌కో అలవాటైన లెక్కతో ఇక్కడ చూస్తే, అయిదేళ్ళు చదివి పట్టా చేతికొచ్చాక ‘ఇది ఆ ఉద్యోగానికి చెల్లదు’ అన్న మాట వినాల్సి వస్తుంది.

కాబట్టి కాలేజీ పేరుతో మొదలుపెట్టకండి. చివరి నుంచి వెనక్కి రండి.

మొదట, ఏ పని చేయాలనుకుంటున్నారో తేల్చుకోండి

ఇంట్లో పెద్దవాళ్ళకి ఈ చదువు గురించి చెప్తే “పిచ్చోల్ల డాక్టరా, ఏటి?” అని అడుగుతారు. కాదు. మందులు రాసేది సైకియాట్రిస్టు. అది ఎంబీబీఎస్ చేసి, ఆపైన సైకియాట్రీలో పీజీ చేసినవాళ్ళ పని. సైకాలజీలో పీహెచ్‌డీ ఉన్నా మందు చీటీ రాసే హక్కు రాదు. ఈ ఒక్క విషయం ఇంట్లో ముందే చెప్పేయండి, తర్వాత టెన్షన్ తగ్గుతుంది.

సైకాలజీ చదివినవాళ్ళు వెళ్ళే దారులు స్థూలంగా నాలుగు. ఆసుపత్రిలో క్లినికల్ సైకాలజిస్టుగా రోగులను పరీక్షించడం, థెరపీ ఇవ్వడం. బళ్ళో కౌన్సెలర్‌గా ఉండటం. కాలేజీలో లెక్చరర్ కావడం, పరిశోధన చేయడం. నాలుగోది కంపెనీల హెచ్‌ఆర్, ఎన్జీవోలు, సర్వేలు చేసే సంస్థలు. మొదటి దారికి చట్టం గట్టిగా అడ్డం నిలబడుతుంది. మూడోదానికి యూజీసీ (విశ్వవిద్యాలయాల మీద అజమాయిషీ చేసే కేంద్ర సంస్థ) నిబంధనలున్నాయి. రెండోదానికి బడి ఏ బోర్డుకి చెందిందో ఆ బోర్డు రూలు చూడాలి. నాలుగోదానికి ఎవరూ పెద్దగా అడ్డు చెప్పరు, మీ పనితనం చూస్తారు.

పదిహేడేళ్ళకే ఇదంతా తేల్చుకోవాలా అంటే, అక్కర్లేదు. కానీ ‘క్లినికల్’ దారి మీద మీకు ఏ కాస్త ఆశ ఉన్నా, ఆ తలుపు మూసుకుపోని డిగ్రీనే ఎంచుకోండి. మిగతా దారుల్లోకి తర్వాత మళ్ళడం తేలిక. క్లినికల్ వైపు ఆలస్యంగా తిరగడం కష్టం.

మూడు గుర్తింపులు, మూడు వేర్వేరు సంగతులు

ఈ భాగం ఓపికగా చదవండి. మిగతాదంతా దీని మీదే ఆధారపడి ఉంది.

ఒకటి యూజీసీ. 1956 నాటి యూజీసీ చట్టం ప్రకారం డిగ్రీ ఇచ్చే హక్కు విశ్వవిద్యాలయాలకే ఉంటుంది: కేంద్ర చట్టంతోనో రాష్ట్ర చట్టంతోనో ఏర్పడినవి, లేదా డీమ్డ్ హోదా పొందినవి. పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలకూ ఉంటుంది. ఇది లేకపోతే మీ చేతిలోది పట్టా కాదు, కాగితం. యూజీసీ తన వెబ్‌సైట్‌లో నకిలీ విశ్వవిద్యాలయాల జాబితా పెడుతుంది. అందులో ఆంధ్ర చిరునామాలు ఉన్నాయి, ఒడిశా చిరునామాలూ ఒకప్పుడు ఉండేవి. చూడటానికి రెండు నిమిషాలు పడుతుంది.

రెండోది న్యాక్. బెంగళూరులో 1994లో ఏర్పడిన ఈ సంస్థ కాలేజీని మొత్తంగా చూసి ఏ ప్లస్ ప్లస్ నుంచి సి దాకా గ్రేడ్ ఇస్తుంది. లైబ్రరీ, అధ్యాపకులు, నిర్వహణ, ఫలితాలు అన్నీ కలిపి చూస్తుంది. అంటే ఆ గ్రేడ్ కాలేజీది. సైకాలజీ విభాగానిది కాదు. ఏ ప్లస్ కాలేజీలో సైకాలజీకి ఒకే ఒక్క గెస్ట్ లెక్చరర్ ఉండొచ్చు. బి గ్రేడ్ కాలేజీలో మంచి విభాగం ఉండొచ్చు. గ్రేడ్‌కి గడువు కూడా ఉంటుంది, కాబట్టి పోస్టర్ మీది గ్రేడ్ ఏ ఏడాదిదో అడగండి.

మూడోది ఆర్సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. 1992 చట్టంతో వచ్చింది. క్లినికల్ సైకాలజిస్టుల పేర్లు నమోదయ్యే సెంట్రల్ రిహాబిలిటేషన్ రిజిస్టర్ దీని చేతిలోనే ఉంది. ఆ రిజిస్టర్‌లో పేరు లేకుండా ఆ వృత్తి చేస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడొచ్చని ఆ చట్టం 13వ సెక్షన్ చెబుతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం క్లినికల్ సైకాలజిస్టు అంటే ఎవరో నిర్వచించినప్పుడు కూడా ఆర్సీఐ గుర్తించిన అర్హతనే కొలబద్దగా తీసుకుంది.

బస్సుకి పర్మిట్ ఉండటం వేరు, డ్రైవరుకి లైసెన్స్ ఉండటం వేరు. యూజీసీ పర్మిట్ లాంటిది, ఆర్సీఐ లైసెన్స్ లాంటిది. మన దగ్గర చాలామంది పర్మిట్ చూసి బండి ఎక్కేస్తారు.

అసలు పొరపాటు జరిగే చోటు ఇంకొకటుంది. ‘ఎంఏ క్లినికల్ సైకాలజీ’ అనే పేరు. ఏ విశ్వవిద్యాలయమైనా తన ఎంఏకి ఆ పేరు పెట్టుకోగలదు. యూజీసీ గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయమే అయ్యుండొచ్చు, పట్టా నిఖార్సుగా ఉండొచ్చు. కానీ ఆ కోర్సుకి ఆర్సీఐ అనుమతి లేకపోతే రిజిస్టర్‌లో మీ పేరు ఎక్కదు. ఇంకో చోట అదే పేరుతో, ఆర్సీఐ రూపొందించిన సిలబస్‌తో, దాని అనుమతితో నడిచే రెండేళ్ళ ఎంఏ ఉంటుంది. పట్టా మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. పేరు చూసి చేరొద్దని పదేపదే చెప్పేది ఇందుకే.

పాత దారి మూసుకుంది, కొత్త దారి తెలుసుకోండి

మీకు తెలిసిన అక్కో అన్నో క్లినికల్ సైకాలజిస్టు అయ్యుంటే ఇలా చెప్తారు: “బీఏ చెయ్, ఎంఏ చెయ్, తర్వాత రెండేళ్ళ ఎం.ఫిల్. చెయ్.” వాళ్ళ కాలానికి అది సరైన సలహా. బెంగళూరు నిమ్‌హాన్స్, రాంచీలోని కేంద్ర మానసిక వైద్య సంస్థ సీఐపీ, మనకు దగ్గరగా కటక్ ఎస్సీబీ మెడికల్ కాలేజీలోని మెంటల్ హెల్త్ ఇన్‌స్టిట్యూట్, అన్నీ ఆ ఎం.ఫిల్. నడిపినవే.

జాతీయ విద్యా విధానం తర్వాత 2022లో యూజీసీ ఎం.ఫిల్. డిగ్రీనే ఎత్తేసింది. క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ మాత్రం ఆసుపత్రులకు అవసరం కాబట్టి వాటికి 2025-26 అడ్మిషన్ల వరకు మినహాయింపు ఇచ్చింది. ఇప్పుడు ప్లస్ టూ పూర్తిచేసిన మీరు అయిదేళ్ళ తర్వాత దొరికే ఎం.ఫిల్. సీటును నమ్ముకుని లెక్క వేసుకోకూడదు. దాని స్థానంలో ఆర్సీఐ కొత్త వరుస తెచ్చింది: నాలుగేళ్ళ బీఎస్సీ క్లినికల్ సైకాలజీ ఆనర్స్, రెండేళ్ళ ఎంఏ క్లినికల్ సైకాలజీ, ఆపైన సై.డి., అంటే సైకాలజీలో డాక్టరేట్. ఈ మూడింటికీ రిజిస్టర్‌లో దొరికే హోదా ఒకటి కాదు. ఏ కోర్సు పూర్తిచేస్తే ఏ హోదా, ఏ పనులు చేయొచ్చు అన్నది ఆర్సీఐ తన సిలబస్ పుస్తకాల్లో ముందు పేజీల్లోనే రాస్తుంది. కాలేజీ కౌంటర్‌లో కూర్చున్నవారు చెప్పేది వినండి, కానీ ఆ పేజీ ప్రింట్ తీసి చేతిలో పెట్టుకుని వినండి.

ఇంకో చట్టం కూడా తెలిసి ఉండాలి. 2021లో అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. ఆర్సీఐ కిందికొచ్చే క్లినికల్ సైకాలజిస్టులను పక్కన పెట్టి, మిగతా సైకాలజిస్టులను ‘బిహేవియరల్ హెల్త్’ వర్గంలో ఈ చట్టం తన కిందికి తెచ్చుకుంది. అంటే ‘కౌన్సెలింగ్ సైకాలజీకి ఎవరి లైసెన్సూ అక్కర్లేదు’ అన్న పాత మాటకి రోజులు దగ్గరపడ్డట్టే.

దూరవిద్య: ఇక్కడ చాలా జాగ్రత్త

మన జిల్లాల్లో దూరవిద్యకి గిరాకీ ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. పెద్ద విశ్వవిద్యాలయానికి వెళ్ళాలంటే రాత్రంతా రైల్లో కూర్చోవాలి, ఊళ్ళోనే చిన్న ఉద్యోగం చేసుకుంటూ చదవాలి, ఆడపిల్లల్ని దూరం పంపడానికి ఇంట్లో తటపటాయిస్తారు. అందుకే ‘ఇంట్లో కూర్చుని ఎంఏ సైకాలజీ’ అన్న బోర్డు అంత బాగా పనిచేస్తుంది.

2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ నడపొద్దని యూజీసీ ఆదేశించింది. పైన చెప్పిన 2021 చట్టమే దానికి ఆధారం. మైక్రోబయాలజీ, ఫుడ్ అండ్ న్యూట్రిషన్ వంటి సబ్జెక్టులదీ ఇదే పరిస్థితి. బీఏలో అనేక సబ్జెక్టులుండి సైకాలజీ ఒక స్పెషలైజేషన్‌గా ఉంటే, మొత్తం బీఏ ఆగదు, ఆ స్పెషలైజేషన్ మాత్రమే ఆగుతుంది. అంతకుముందు సరైన అనుమతితో నడిచిన దూరవిద్యలో చేరినవారికి ఈ కొత్త ఆదేశం అడ్డు కాదు. ఇకపై ఎవరైనా ‘డిస్టెన్స్‌లో సైకాలజీ అడ్మిషన్లు జరుగుతున్నాయి’ అంటే మాత్రం ఇంకేం అడక్కుండా లేచి వచ్చేయండి. ‘పాత తేదీతో వేసేస్తాం’ అనేవాళ్ళు కూడా తగులుతారు. పాత తేదీతో చేరితే ఆ పట్టా మీద జీవితాంతం భయపడుతూ బతకాలి.

స్టడీ సెంటర్ల గురించి కూడా ఒక మాట. కోరాపుట్, నబరంగ్‌పూర్ వైపు వారికి ఛత్తీస్‌గఢ్ పక్క గుమ్మమే. 2002లో ఆ రాష్ట్రం చేసిన చట్టంతో వందకు పైగా ప్రైవేటు విశ్వవిద్యాలయాలు పుట్టుకొచ్చాయి. చాలావాటికి సరైన భవనం కూడా లేదు. యూజీసీ మాజీ ఛైర్మన్ ప్రొఫెసర్ యశ్‌పాల్ వేసిన కేసులో 2005లో సుప్రీంకోర్టు వాటి ఏర్పాటును కొట్టేసింది. రాష్ట్ర చట్టంతో ఏర్పడిన విశ్వవిద్యాలయం తన రాష్ట్రం దాటి స్టడీ సెంటర్లు తెరవకూడదన్న నియమం అప్పటి నుంచి ఇంకా గట్టిపడింది. జయపురంలో మేడ మీద రెండు గదుల్లో వేరే రాష్ట్రపు విశ్వవిద్యాలయం బోర్డు కనిపిస్తే, ఆ గదుల్లో సైకాలజీయే కాదు, ఏదీ చదవకండి.

కంప్యూటర్ ముందు కూర్చుని చూడాల్సినవి

ఫోన్‌లో కంటే జనసేవా కేంద్రంలోనో స్నేహితుడి ల్యాప్‌టాప్‌లోనో చూడటం మంచిది, ఆ జాబితాలు పెద్ద పీడీఎఫ్‌లు.

ముందు యూజీసీ సైట్‌లో విశ్వవిద్యాలయం పేరు. కాలేజీ అయితే అది ఏ విశ్వవిద్యాలయానికి అనుబంధమో ఆ విశ్వవిద్యాలయం సైట్‌లో చూడండి, కాలేజీ సైట్‌లో కాదు. అనుబంధం కాలేజీకి ఉందా అని మాత్రమే కాక, సైకాలజీ ఆనర్స్‌కి ఉందా, ఎన్ని సీట్లకి అనేదీ చూడండి. తర్వాత న్యాక్ సైట్‌లో గ్రేడ్, దాని గడువు.

క్లినికల్ దారి అయితే ఆర్సీఐ సైట్. అక్కడ అనుమతి పొందిన సంస్థల జాబితా కోర్సులవారీగా, రాష్ట్రాలవారీగా ఉంటుంది. మూడు వివరాలు వెతకండి: సరిగ్గా మీరు చేరబోయే కోర్సు పేరు, అనుమతి ఏ విద్యా సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు, ఎన్ని సీట్లు. ఒక సంస్థకి స్పెషల్ ఎడ్యుకేషన్ కోర్సుకి ఆర్సీఐ అనుమతి ఉండి, ‘మాది ఆర్సీఐ అప్రూవ్డ్ సంస్థ’ అని సైకాలజీ పోస్టర్ మీద వేసుకోవడం జరిగే పనే. సంస్థకి కాదు, కోర్సుకి ఉండాలి. అనుమతి ఉన్న సీట్ల సంఖ్య దాటి చేర్చుకుంటే ఆ అదనపువారి పేర్లు రిజిస్టర్‌లోకి ఎక్కడం కష్టం. మీరు ఎన్నో నంబర్ అని మొహమాటం లేకుండా అడగండి.

చూసిన పేజీలన్నీ ఆ రోజు తేదీతో పీడీఎఫ్ చేసి పెట్టుకోండి. రేపు కోర్సు అనుమతి విషయంలో గొడవొస్తే, మీరు చేరిన రోజున జాబితాలో ఏముందో చూపించడానికి పనికొస్తుంది.

‘ఐఎస్‌ఓ సర్టిఫైడ్’, ‘ఇంటర్నేషనల్ అక్రెడిటేషన్’, ‘ఏపీఏ అప్రూవ్డ్’ వంటి ముద్రలు కనిపిస్తే అవి సైకాలజీ డిగ్రీకి ఇక్కడ ఏ తలుపూ తెరవవని గుర్తుపెట్టుకోండి. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ గుర్తింపు అక్కడి చదువుల కోసం, అదీ ముఖ్యంగా డాక్టరేట్ స్థాయి శిక్షణ కోసం. మూడు నెలల ఆన్‌లైన్ కౌన్సెలింగ్ డిప్లొమా మీద ఆ అక్షరాలు వేస్తే అది అలంకారం మాత్రమే.

ఒడిశాలోనా, ఆంధ్రలోనా?

1936లో ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు గీతకి ఇటువైపు ఉండిపోయిన కుటుంబాలకి ఈ ప్రశ్న ప్రతి చదువు దగ్గరా ఎదురవుతుంది. పర్లాకిమిడి నుంచి భువనేశ్వర్ కంటే విశాఖ దగ్గర. చుట్టాలూ అటే. రాయగడ నుంచైతే పొద్దున్నే బండెక్కితే మధ్యాహ్నానికల్లా విశాఖలో ఉంటాం. మనసు అటే లాగుతుంది.

సైకాలజీకి రెండు వైపులా పాత విభాగాలున్నాయి. భువనేశ్వర్ వాణీవిహార్‌లో ఉత్కళ విశ్వవిద్యాలయం, కటక్‌లో రావెన్‌షా. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం. ఆ విభాగం పేరులో పారాసైకాలజీ అన్న మాట చూసి కొందరు దెయ్యాల చదువేమో అనుకుంటారు. 1960ల చివర్లో కోనేరు రామకృష్ణారావు గారు ఆ విభాగాన్ని మొదలుపెట్టింది నిజంగానే అతీంద్రియ విషయాల పరిశోధనకే. ఇప్పుడు అక్కడ చదివేది మామూలు సైకాలజీయే, కంగారు పడక్కర్లేదు.

ఎంపికని తేల్చేది దూరం కాదు, కాగితాలు. మనకున్న కుల ధ్రువపత్రం ఒడిశాది. ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన తరగతుల జాబితాలు రాష్ట్రానికొకటి. ఒడిశా సర్టిఫికెట్‌తో ఆంధ్ర ప్రభుత్వ సీట్లలో రిజర్వేషన్ అడగలేం, అదే కులం అక్కడి జాబితాలో ఉన్నా సరే. పైగా అక్కడి కన్వీనర్ సీట్లలో అత్యధిక భాగం స్థానికులకే, స్థానికత అంటే అక్కడ చదివి ఉండాలి లేదా నివాసం చూపాలి. స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్ లాంటివీ ఎక్కువగా స్థానికులకే. ఒడిశాలో ఉంటే ప్లస్ త్రీకి (డిగ్రీకి) రాష్ట్ర ప్రభుత్వ ప్రవేశాల వెబ్‌సైట్ సామ్స్ పోర్టల్‌లో మీ కేటగిరీతో నేరుగా దరఖాస్తు చేస్తారు, పీజీకి రాష్ట్ర ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాస్తారు. రిజర్వేషన్, స్కాలర్‌షిప్ రెండూ మీకు ముఖ్యమైతే డిగ్రీ ఒడిశాలో చేయడమే లాభం. మేనేజ్‌మెంట్ ఫీజు కట్టుకోగలిగిన ఇంటికి విశాఖ తేలికే. అయినా నాలుగేళ్ళ హాస్టల్ ఖర్చు కూడా కలిపి లెక్క వేయండి, ఒక్క ట్యూషన్ ఫీజు చూసి కాదు.

మధ్యే మార్గం కేంద్ర సంస్థలు. కేంద్ర విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాస్తే దేశంలో ఎక్కడి కేంద్ర విశ్వవిద్యాలయానికైనా వెళ్ళొచ్చు, అక్కడ కేంద్ర జాబితా ప్రకారం మీ రిజర్వేషన్ నడుస్తుంది. ఆ పరీక్షను తెలుగులోనూ ఒడియాలోనూ కూడా రాయొచ్చు. సైకాలజీ అందులో ఒక సబ్జెక్టు పేపర్. ఒక్క జాగ్రత్త: తహసీల్దార్ ఆఫీసులో ఇచ్చే ఎస్‌ఈబీసీ (వెనుకబడిన తరగతుల) సర్టిఫికెట్ ఒడిశా రాష్ట్ర సీట్లకి. కేంద్ర సంస్థలకి ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ వేరే తీసుకోవాలి, అదీ ఆ ఆర్థిక సంవత్సరానిది. రెండూ ఒకేసారి పెట్టండి, లేకపోతే కౌన్సెలింగ్ రోజున ఆఫీసు చుట్టూ తిరగాలి.

పేరు స్పెల్లింగ్

దీనికి వేరే భాగం ఎందుకని మీకు అనిపించొచ్చు. మన వైపు పిల్లలకి జరిగే నష్టంలో సగం దీనివల్లే అని నా అనుమానం.

తెలుగువాళ్ళం ఇంటిపేరు ముందు రాస్తాం. ఒడియా బడిలో చేరినప్పుడు మాస్టారు ఆఖరి ముక్కని ఇంటిపేరుగా రాసుకుంటారు. రావు, రాజు, నాయుడు అలా ఇంటిపేర్లైపోతాయి, అసలు ఇంటిపేరు ఒక్క అక్షరంగా మిగులుతుంది లేదా మాయమవుతుంది. ఒడియా పలుకుబడిలో స్పెల్లింగ్ ఇంకో తీరుగా మారుతుంది. ఆధార్ మాత్రం విశాఖలో మేనమామ ఇంట్లో ఉన్నప్పుడు తీయించి ఉంటారు, అందులో ఇంకోలా ఉంటుంది. అలా బోర్డు సర్టిఫికెట్‌లో ఒకటి, ఆధార్‌లో ఒకటి, కులపత్రంలో మరొకటి.

పూర్వం ఇది ఒక అఫిడవిట్‌తో పోయేది. ఇప్పుడు విద్యార్థికిచ్చే అపార్ ఐడీ, చదివిన క్రెడిట్లు జమయ్యే క్రెడిట్ బ్యాంకు, ప్రవేశ పరీక్షల ఫారాలు అన్నీ ఆధార్‌తో ముడిపడ్డాయి. అయిదారేళ్ళ తర్వాత ఆర్సీఐ రిజిస్టర్‌కి దరఖాస్తు చేసేటప్పుడు పదో తరగతి నుంచి ఆఖరి డిగ్రీ దాకా అన్నిటిలో ఒకే పేరు కావాలి. పదో తరగతి సర్టిఫికెట్‌ని ఆధారం చేసుకుని మిగతావన్నీ దానికి సరిపోయేలా ప్లస్ టూ సెలవుల్లోనే మార్పించేయండి. నాన్నగారి పేరు కూడా చూడండి.

రాష్ట్రం మారేవాళ్ళు ప్లస్ టూ బోర్డు నుంచి మైగ్రేషన్ సర్టిఫికెట్ తీసుకోవడం మరచిపోకూడదు. అసలు కాపీ ఒక్కటే ఉంటుంది. మొదటి కాలేజీలో ఇచ్చేసి, తర్వాత ఇంకో చోట సీటు వస్తే తిరిగి రాబట్టుకోవడం ఎంత కష్టమో వెళ్ళినవాళ్ళని అడగండి.

ఆ కాలేజీకి ఒక్కసారైనా వెళ్ళి చూడండి

సీటు ఖాయం చేసే ముందు, క్లాసులు జరిగే రోజున, ముందు చెప్పకుండా వెళ్ళండి. ప్రిన్సిపాల్ గది వదిలేసి సైకాలజీ ల్యాబ్ ఎక్కడుందో అడగండి. సైకాలజీకి ల్యాబ్ ఏంటి అని గుమాస్తా మీ వైపు వింతగా చూస్తే మీకు జవాబు దొరికినట్టే. ప్రాక్టికల్స్ ఉండే సబ్జెక్టు ఇది. అద్దంలో చూస్తూ నక్షత్రం గీసే మిర్రర్ డ్రాయింగ్ పరికరం, ముల్లర్-లయర్ బోర్డు, స్ట్రూప్ కార్డులు, రావెన్స్ మాట్రిసెస్, భాటియా బ్యాటరీ లాంటివి ఉండాలి. బీరువాలో ఉండటం కాదు, వాటి మీద దుమ్ము ఉందా లేదా చూడండి.

అధ్యాపకుల్లో పర్మనెంట్ ఎందరు, వారు సైకాలజీలోనే పీజీ చేశారా అడగండి. కొన్నిచోట్ల ఎడ్యుకేషన్ లేదా ఫిలాసఫీ వారితో సైకాలజీ పాఠాలు చెప్పిస్తారు. స్టాటిస్టిక్స్ ఎవరు చెప్తారో ప్రత్యేకంగా కనుక్కోండి. లెక్కలంటే భయపడి ఆర్ట్స్ వైపు వచ్చి, రెండో ఏడాదిలో టీ-టెస్ట్ చూసి బెంబేలెత్తేవారు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. దాన్ని తప్పించుకోవడం కుదరదు, బాగా చెప్పేవారి దగ్గర నేర్చుకోవాలంతే.

క్లినికల్ కోర్సు అయితే అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న: ఏ ఆసుపత్రిలో శిక్షణ? సైకియాట్రీ విభాగం, అందులో వార్డు, రోజూ వచ్చే రోగులు ఉండాలి. బరంపురంలో ఎంకేసీజీ, కటక్‌లో ఎస్సీబీ, విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల లాంటి చోట్ల పని చేసిన అనుభవం వేరు. ‘టై-అప్ ఉంది’ అన్నది సరిపోదు. వారానికి ఎన్ని రోజులు, పక్కన ఉండి నేర్పే సూపర్‌వైజర్ ఎవరు, ఆ వ్యక్తి పేరు ఆర్సీఐ రిజిస్టర్‌లో ఉందా అని అడగండి. రిజిస్టర్ నంబర్ చెప్పడానికి నిజమైన క్లినికల్ సైకాలజిస్టు ఎవరూ ఇబ్బంది పడరు.

క్యాంటీన్ దగ్గర ఆఖరి ఏడాది పిల్లలతో మాట్లాడండి. పై సీనియర్లు ఇప్పుడేం చేస్తున్నారన్న ప్రశ్నకి కాలేజీ చెప్పే జవాబు, వాళ్ళు చెప్పే జవాబు పక్కపక్కన పెట్టుకోండి.

భాష మీ బలం, కానీ ఒక లోటు పూడ్చుకోవాలి

ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, టీవీలో హిందీ. కోరాపుట్ వైపు వారికి దేశియా, రాయగడ వైపు వారికి కాస్త కుయి, గుణుపురం వైపు సవర కూడా చెవిన పడతాయి. రోగితో అతని భాషలో మాట్లాడటం ఈ వృత్తిలో సగం పని. భువనేశ్వర్‌లోనో విశాఖలోనో ఒక్క భాషతో పెరిగిన క్లాస్‌మేట్‌కి లేనిది మీకుంది. చేరేటప్పుడు దీన్ని చిన్నతనంగా భావించకండి, ఇంటర్వ్యూలో ముందుగా చెప్పండి.

లోటు ఏంటంటే, మన పిల్లల్లో చాలామంది తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు, రాయలేరు. ప్రశ్నావళులు, పరీక్షల తెలుగు రూపాలు రోగికి చదివి వినిపించాలి. విశాఖ వైపు వెళ్ళాలనుకుంటే చేరేలోపు లిపి నేర్చుకోండి, ఒక వేసవి చాలు. పాఠాలు, పరీక్షలు ఎక్కువచోట్ల ఇంగ్లీషులోనే ఉంటాయి. ఒడియా మీడియం నుంచి వచ్చినవారు మొదటి సెమిస్టర్ ఇబ్బంది పడతారు, తర్వాత సర్దుకుంటుంది.

క్లినికల్ వద్దనుకునేవారికి

మీకు పని కొంచెం తేలిక. యూజీసీ గుర్తింపు ఉన్న, మంచి విభాగం ఉన్న రెగ్యులర్ బీఏ లేదా బీఎస్సీ సైకాలజీ చేయండి. బీఏనా బీఎస్సీనా అన్న తేడాకి పెద్ద విలువ లేదు, సైకాలజీ మేజర్‌గా ఉందా లేదా అన్నదానికే ఉంది. మూడు మైనర్ పేపర్లతో ‘సైకాలజీ చదివాను’ అంటే ఎంఏ సీటు దగ్గర ఆగిపోవచ్చు.

బడిలో కౌన్సెలర్ కావాలంటే, సీబీఎస్‌ఈ తన బళ్ళకి పెట్టిన అర్హతల్లో సైకాలజీ డిగ్రీ గానీ పీజీ గానీ ఒకటి. దాంతోపాటు ఎన్‌సీఈఆర్‌టీ నడిపే గైడెన్స్, కౌన్సెలింగ్ డిప్లొమా ఉంటే మంచి బలం. దాని కేంద్రాల్లో ఒకటి భువనేశ్వర్‌లోని రీజినల్ ఇన్‌స్టిట్యూట్‌లోనే ఉంది. లెక్చరర్ కావాలంటే పీజీలో 55 శాతం మార్కులు, రిజర్వుడు వర్గాలకి 50 శాతం, ఆపైన సైకాలజీలో నెట్ (జాతీయ అర్హత పరీక్ష). మొదటి సెమిస్టర్ నుంచే మార్కుల మీద కన్నేసి ఉంచండి, ఆఖర్లో ఒక శాతం తగ్గి నెట్‌కి అర్హత పోగొట్టుకున్నవారు ఉన్నారు.

ఇప్పటికే ఎక్కడో చేరిపోయి ఉంటే

కంగారుపడి మానేయకండి. ముందు మీ కోర్సు ఏ గడిలో ఉందో చూడండి. విశ్వవిద్యాలయానికి యూజీసీ గుర్తింపు ఉండి కోర్సుకి ఆర్సీఐ లేకపోతే, డిగ్రీ నిజమైనదే, పూర్తిచేయండి. పీజీ దగ్గర ఆర్సీఐ అనుమతి ఉన్న చోటికి మారవచ్చు. ఆ పీజీ నోటిఫికేషన్ ఎలాంటి డిగ్రీ అడుగుతోందో ఇప్పుడే చదివి, తక్కువైన పేపర్లుంటే ఈలోపే ఎలక్టివ్‌గా తీసుకోండి. 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి దూరవిద్యలో సైకాలజీ పేరుతో డబ్బు కట్టి ఉంటే, రసీదు, అడ్మిషన్ లెటర్ తీసుకుని ముందు ఆ విశ్వవిద్యాలయం ప్రధాన కార్యాలయానికి రాతపూర్వకంగా రాయండి, ఏజెంటుకి కాదు. తిరిగి ఇవ్వకపోతే యూజీసీ ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టండి, ఫీజు వాపసు మీద యూజీసీకి స్పష్టమైన నిబంధనలున్నాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టి ఉంచే హక్కు ఏ కాలేజీకీ లేదన్నదీ అందులో భాగమే. ఆ ముక్క ప్రింట్ తీసి తీసుకెళ్తే గుమాస్తా బీరువా తాళం త్వరగా దొరుకుతుంది.